కనబడని బాలిక

భయానకకథ లనగానే మన యిండ్లలో రెండు మాటలు వినబడును. పిల్లలు జడిసికొందురు, చూడనీయవల దనుట యొకటి; అంతయు బొంకే కదా, చూచిన నేమి యనుట రెండవది. ఈ రెండు మాటలకును లొంగని కథ నొకదానిని గూర్చి యీ మాసమున సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

అది 1997వ సంవత్సరము మే 19వ తేదీని అమెరికా టెలివిజనులో ప్రసార మయ్యెను. "బఫీ ది వాంపైర్ స్లేయర్" అను ధారావాహికలో మొదటి విడతకు చెందిన పదునొకండవ కథ యది. కాలిఫోర్నియాలో సన్నీడేల్ అను కల్పితపట్టణము. అచ్చటి పాఠశాలకు దిగువను నరకద్వార మున్నదట. బఫీ యను పదునారేండ్ల బాలిక పగలు చదువుకొనుచు రాత్రులు రక్తపిశాచములను సంహరించుచుండును. పూర్వకథ యింతమాత్రము తెలిసిన చాలును. ఈ కథలో భయపెట్టునది పిశాచము గాదు. మార్సీ రాస్ అను సామాన్యురాలగు విద్యార్థిని.

ఆ పాఠశాలలో కొర్డీలియా యను చక్కని పిల్ల కలదు. అందఱును ఆమె చుట్టు మూగువారే. ఆమె స్నేహితుని, పట్టుకొన్నవా రెవరును లేకయే, బంతియాట కఱ్ఱ యొకటి గాలిలో లేచి చావమోదును. ఆమె చెలికత్తె మెట్లపైనుండి త్రోయబడును. ఉపాధ్యాయిని ముఖమునకు ప్లాస్టిక్ సంచి బిగియును. వేళకు మనుష్యులు వచ్చి విడిపింపగా బ్రదుకును. మొదటి తావున "చూడుము" అనియు, తరగతిలో నల్లబల్లపై "వినుము" అనియు, కడపట "నేర్చుకొనుము" అనియు వ్రాత కనబడును. వ్రాసిన చేయి కనబడదు.

ఆ చేయి మార్సీది. ఆమె యే మంత్రమును జపింపలేదు, ఏ మందును మ్రింగలేదు. 1897లో హెచ్. జి. వెల్స్ వ్రాసిన నవలలోని అదృశ్యపురుషుడు శాస్త్రబలముచే, తాను కోరి, మాయమయ్యెను. సరిగా నూరేండ్లకు వచ్చిన యీ బాలిక కోరకయే మాయమయ్యెను. తోడిపిల్లలు ఒకరి కృత్రిమకేశములను గూర్చి పరిహాసము లాడుచుండగా తానును ఒక పోలిక చెప్పును, ఎవరును వినరు. మఱుక్షణమున కొర్డీలియా యదే పోలిక చెప్పగా అందఱును నవ్వుదురు. తరగతిలో ఉపాధ్యాయిని ప్రశ్న వేయును. మార్సీ చేయి యెత్తును. పిలుపు రాదు. మఱియొకరిని పిలుతురు. ఎత్తిన తన చేతివంక చూచుకొనగా అది పలుచనై కరగిపోవుచుండును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. ఈ పిల్ల అడిగినది.

అయినను మాకు వెన్నులో చలి పుట్టించినది ఈ ఘట్టము గాదు, కఱ్ఱయు గాదు. సంగీతపుగదిలో పైకప్పు సందున మార్సీ యొక్కతెయు దాగి వేణువు వాయించుకొనుచుండిన తా వొకటి బయటపడును. అచ్చట ఆమె పాఠశాల వార్షికసంచిక దొరకును. ఆ దేశమున సంవత్సరాంతమున విద్యార్థులు ఒకరి సంచికలో నొకరు నాలుగు మంచిమాటలు వ్రాయుట యాచారము. మార్సీ సంచికనిండ నొకటే వాక్యము: వేసవి సెలవులు సుఖముగా గడుపుము. చెప్పుట కేమియు తోచనివారు వ్రాయు వాక్య మది. బఫీ మిత్రులగు విల్లో, జాండర్ అను వారిద్దఱును మార్సీని తా మెఱుగమనిరి. పుటలు త్రిప్పగా వారి చేవ్రాళ్లును అందే యుండెను, అదే వాక్యము క్రింద! వా రిద్దఱును కథలో మంచివారు. కొర్డీలియాచే నిత్యము చిన్నచూపు చూడబడువారు.

ఇంతకును ఆమెను మాయము చేసిన దెవరు? చూచువారి దృష్టినిబట్టియే వస్తువు రూపొందునని భౌతికశాస్త్రము చెప్పుచున్నదనియు, నరకద్వారపు బలము దానికి తోడైనదనియు గ్రంథాలయాధికారి గైల్స్ సమాధానము. ఈ శాస్త్రచర్చ మాకంతగా రుచింపలేదు. నరకద్వారముమీదికి నేరమును నెట్టినచో తక్కినవా రందఱును చేతులు కడుగుకొనవచ్చును గదా. మన భాషలోనే యింతకంటె మంచి వివరణ మున్నది. కాళిదాసుని విక్రమోర్వశీయమున ఊర్వశి తిరస్కరిణీవిద్యచే మఱుగుపడి, ప్రియుడు తన్ను గూర్చి పలుకు మాటలను వినును. తిరస్కరిణి యనినను తిరస్కార మనినను మూల మొక్కటే. మఱుగుపఱచుటయు, అలక్ష్యము చేయుటయు ఒకే మాటలో నున్నవి. ఊర్వశికి ఆ తెర తన చేతిలోని విద్య. వలసినపు డెత్తును, వలసినపుడు దించును. మార్సీ తెర యితరుల చేతిలో నున్నది.

అట్లని మార్సీని నిర్దోషి యనజాలము. కొర్డీలియాను కుర్చీకి గట్టి, ఆమె ముఖము నెవ్వరును మఱువనట్లు కత్తితో చెక్క బూనును. వినుమని నల్లబల్లపై వ్రాసిన పిల్ల కొర్డీలియా యెంత ప్రాధేయపడినను వినదు. ఆ కొర్డీలియాయే అంతకుముందు బఫీతో, జనము నడుమ నున్నను తా నొంటరిదాననేయనియు, చుట్టు మూగువా రెవరును తన్ను నిజముగా నెఱుగరనియు చెప్పుకొనును. ఒకరిని చూచువారు లేరు. ఒకరిని చూచుచున్నవారికి ముఖము తప్ప మఱేమియు కనబడదు.

కథ చూచుచున్నంతసేపును మన యిండ్లలో తఱచుగా వినవచ్చు ప్రశంస యొకటి మా చెవులలో మ్రోగుచుండెను. "మా రెండవది యింటిలో నున్నదో లేదో తెలియదండీ, అంత నెమ్మది." ఎంత మెచ్చికోలుగా పలుకుదుము! అల్లరిపిల్లకు తిట్లయిన దక్కును. తిట్టుటకైన దానివంక చూడవలయును. ఈ నెమ్మది పిల్ల భోజనమువేళ చెప్పబోయిన మాట సగములో నాగిపోయిన, మిగిలిన సగ మేమని అడుగువా రెవరు?

ముగింపును గూర్చియే మాకు తెగని తగవు. బఫీ కన్నులు విడిచి చెవులను నమ్ముకొని, మార్సీ యడుగుల సవ్వడిని బట్టి యామెను పట్టుకొనును. అంతలో ప్రభుత్వపు గూఢచారులు వచ్చి ఆ బాలికను కొనిపోవుదురు. చేర్చిన చోటు నొక పాఠశాల; బల్లలు ఖాళీగ నున్నట్లు తోచును గాని పిల్లలందఱును మార్సీవంటి వారే. ఆమెకు స్వాగతము చెప్పి కూర్చుండుమందురు. పుస్తకము తెఱచిన, అందు నేర్పు విద్య పరులలోనికి చొఱబడుటయు, హత్య చేయుటయు.

ఇది సుఖాంతమని కొందఱనవచ్చును; తనవంటి వారు దొరకిరి గదా. మే మట్లు తలపము. ఆమెను మొదటిసారి గుర్తించినవారు ఆమె కనబడకుండుటచే తమకు కలుగు లాభమును గుర్తించిరేగాని, ఆమెను మఱల కనబడునట్లు చేయు యత్నము మాకు కథలో కానరాలేదు. కాని పాఠము పేరు చదివి మార్సీ "బాగున్నది" అనును. ఆ యొక్క మాటలోని గొంతును వినుడు. అందు భయము లేదు, సందేహము లేదు, సంతోషమే యున్నది.