అమరావతి శిలలు – నామకరణాధికారం

బౌద్ధ ప్రతిమలను పాశ్చాత్య చిత్రరీతులతో మేళవించి పరపాలనను ప్రశ్నించే కళ నేడు విశేషాదరణ పొందుతున్నది. లాసాలో జన్మించి లండన్ చేరిన గోంకర్ గ్యాత్సో 2003లో ‘నా అస్తిత్వం’ అనే అర్థం గల పేరుతో నాలుగు ఛాయాచిత్రాలను రూపొందించినాడు. అన్నింటిలోను చిత్రకారుడుగా కూర్చున్నది అతడే; మారేవి వేషం, పరిసరం, ఎదుటనున్న పటం. చిత్రించే చేతిని నడిపించే అధికారం ఎవరిది అన్నదే అందలి ప్రశ్న. తెలుగునాట ఈ ప్రశ్నకు అమరావతి శిలలకన్న మించిన ఉదాహరణం లేదు. అక్కడ బౌద్ధ పాశ్చాత్య సమ్మేళనం జరిగినది రంగులలో కాదు, పేర్లలో.

1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసు చేర్చిన శిల్పఫలకాలకు ‘ఇలియట్ మార్బుల్స్’ అని పేరు వచ్చినది. ఏథెన్సు నుండి లండన్ చేరిన ‘ఎల్గిన్ మార్బుల్స్’ను స్మరింపజేసే పేరిది. నిజానికి ఇవి చలువరాళ్ళు కావు, పల్నాటి సున్నపురాళ్ళు. 1859లో వీటిలో నూటికి పైగా లండన్‌కు తరలినవి. 1880లో బ్రిటిష్ మ్యూజియం పాలైనవి. 1868లో జేమ్స్ ఫెర్గూసన్ తన గ్రంథానికి ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ అని పేరిడి, సాంచీ, అమరావతి శిల్పాలను వృక్షసర్పపూజకు నిదర్శనాలుగా నిలిపినాడు. బోధివృక్షం చెట్టయినది; ముచిలిందుడు పామైనాడు.

ఆంగ్లేయులు పూనుకొననిచో ఆ శిలలు మిగిలెడివి కావనుట పూర్వపక్షం. అందు కొంత సత్యం కలదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుని నగర నిర్మాణానికి స్తూపపు రాళ్ళు తరలిన మాట వాస్తవమే. అయితే రక్షించుట వేరు, పేరు పెట్టుట వేరు. రక్షించినంత మాత్రాన శిల మీద ఉన్న మాటను చెరిపివేసే హక్కు సంక్రమించదు.

శిల మీద మాట ఉన్నది. నాగోపాధ్యాయుని కుమారుడైన విధికుడనే చర్మకారుడు సకుటుంబంగా సమర్పించిన ఫలకం అమరావతిలో లభించినది. తన దానం పూర్ణఘట ఫలకమని అతడు ప్రాకృతంలో స్పష్టంగా చెక్కించినాడు. ఆ వస్తువుకు పేరు పెట్టిన మొదటివాడు ఇలియట్ కాదు, విధికుడు.

హనుమకొండకు దక్షిణాన, సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శితమైనవి. తెలుగువారికిది గర్వకారణమే. అయినను ఆ ప్రదర్శన పేరు ‘ట్రీ అండ్ సర్పెంట్’. ఫెర్గూసన్ మాట ఒకటిన్నర శతాబ్దం తరువాత కూడా చెల్లుబాటవుతున్నదనుటకు వేరే సాక్ష్యం అక్కరలేదు.

కావున బుద్ధుని శిరస్సు పక్కన పాశ్చాత్య వస్తువును నిలిపినంతనే వలసపాలన విమర్శ కాజాలదు. చిత్రకారునికి విధికుని మాట కూడా అందవలెను. దానిని అందించగలవారు ప్రాకృతం తెలిసినవారే. ప్రాచ్య కళాశాలలు కావ్యాలంకార శాస్త్రాల సరసన బ్రాహ్మీలిపికి, ప్రాకృత శాసనాలకు సముచిత స్థానం కల్పించుట కర్తవ్యం. శిలలు తిరిగి వచ్చుట ప్రభుత్వాల చేతిలోని పని. పేర్లు తిరిగి వచ్చుట పండితుల చేతిలోనిది.