చీటీ చదవడం వేరు, మోతాదు తెలియడం వేరు

"రెండేసి మాత్రలు, రోజుకు రెండుసార్లు." ఇందులో అర్థం కానిదేముంది అనిపిస్తుంది. అమెరికాలో 395 మంది రోగులకు మందుల లేబుళ్లు చూపించి అడిగారు. ఫలితాలు 2006లో 'అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్'లో వచ్చాయి. చదివి అర్థం చేసుకునే శక్తి తక్కువగా ఉన్నవారిలోనూ 70.7 శాతం మంది ఆ సూచనను సరిగానే చెప్పారు. రోజుకు మొత్తం ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపమంటే మాత్రం 34.7 శాతం మందే చూపగలిగారు.

అది ఒక్క మందు సంగతి. బీపీ, షుగర్, థైరాయిడ్ మూడూ ఉన్న మనిషి చేతిలో అయిదారు రకాలుంటాయి. థైరాక్సిన్ పరగడుపున వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు దానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మెట్‌ఫార్మిన్ భోజనంతో పాటు తీసుకోవాలి. గ్లిమిపిరైడ్ వేసుకుని తిండి మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇన్ని షరతులను మన చీటీలు '1-0-1' అనే మూడంకెల్లో ఇరికిస్తున్నాయి. ఆ అంకెలు పగలు పనిచేసి రాత్రి నిద్రపోయే మనిషి కోసం పుట్టినవి. ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్ జిల్లా ధర్సీవా బ్లాకునే తీసుకోండి. అక్కడి సిల్తరా పారిశ్రామికవాడలో నైట్ షిఫ్టు ముగించుకుని, తెల్లవారాక పడుకునే కార్మికుడికి మొదటి '1' ఎప్పుడు? ఇంటికి రాగానేనా, మధ్యాహ్నం లేచాకా? తినకుండా పడుకుంటే ఆ షుగర్ మాత్ర సంగతేమిటి? చదువు ఎంత ఉన్నా చీటీలో దీనికి జవాబు దొరకదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనలేం. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో వైద్య మండలి నిబంధన వచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లపై బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరైంది. స్కాన్ చేస్తే మందు పేరు, తయారీదారు, బ్యాచ్, గడువు తేదీ వస్తాయి. నకిలీలను పట్టుకోవడానికి మంచిదే. ఎప్పుడు వేసుకోవాలో మాత్రం అందులో ఉండదు, అసలు రోగికి కావలసింది అదే అయినా.

ఛత్తీస్‌గఢ్‌కు ఒక వెసులుబాటు ఉంది. ఆశా కార్యకర్తల కంటే ముందే, 2002లో, అక్కడ మితానిన్ల వ్యవస్థ మొదలైంది. ఊరి మహిళే ఇంటింటికీ వెళ్లే ఆరోగ్య కార్యకర్త. ఆసుపత్రి నుంచి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, నిద్రకు ముందు అని నాలుగు గళ్లు గీసిన కాగితం ఇవ్వాలి. షిఫ్టు వాళ్లకు గళ్ల పేర్లు డాక్టరే మార్చి రాయాలి. మితానిన్ ఇంటికి వెళ్లినప్పుడు "అర్థమైందా?" అని అడగకూడదు. ఆ ప్రశ్నకు అందరూ తలూపుతారు. మాత్రల సంచి ముందు పెట్టి, "రేపు వేసుకునేవి ఏ గడిలోవి ఆ గడిలో పెట్టి చూపించు" అనాలి.