అలంకారము: అంటుగోళ్ళు నిలుచుట యెట్లు?

పెండ్లిండ్ల దినములు వచ్చినంతనే మా చదువరులైన సోదరీమణులు, అందును పెండ్లికూతుళ్ళ తల్లులు, అంటించుకొను గోళ్ళనుగూర్చి మమ్ము అడుగుచుందురు. ప్రెస్-ఆన్ నెయిల్స్ అను పేరుతో అంగళ్ళలో అమ్ముడగు ఈ ప్లాస్టిక్ గోళ్ళు పెండ్లికూతును చేసిననాడు పెట్టినచో అప్పగింతల వేళకు రెండుమూడు ఊడిపోవుచున్నవనియు, ఒకటి తలంబ్రాల పళ్ళెములో దొరకినదనియు వారి మొఱ. ఇవి తగునా తగదా యను తర్కమును మేమిచట చేయబోము. గోరింటాకు పండిన గోటిని మించిన యందము లేదనువారిలో మేమును చేరినవారమే. అయినను పిల్ల ముచ్చటపడినప్పుడు కాదనుట యే తల్లికి సాధ్యము?

పలువురు జిగురును నిందింతురు. లోపము తఱచుగ జిగురులో లేదు, దాని క్రిందనున్న గోటిలో నున్నది. గోరు చూచుటకు గట్టిగ నున్నను నీటిని పీల్చును. పీల్చినపుడు కొంచెము ఉబ్బును, ఆరినపుడు మరల కుదియును. మీదనున్న ప్లాస్టిక్ అట్లు ఉబ్బదు, కుదియదు. ఈ రెంటి నడుమ జిగురు అటునిటు లాగబడి అంచులవద్ద వీడును. ఇక నూనె సంగతి చెప్పనేల? తలకు నూనె రాచిన చేతికి ఏదియు అంటదని మనమెఱుగనిది కాదు.

కావున మన పెండ్లిండ్లలో మొట్టమొదట చూచుకొనవలసినది వేళ. మంగళస్నానమునాడు నువ్వులనూనెయు నలుగుపిండియు గోటి సందులలోనికి దిగును. అంతకు ముందే గోళ్ళు పెట్టించుట డబ్బును నీళ్ళలో పోయుటయే. స్నానమైన పిమ్మట ఒకటి రెండు గంటలు చేతులు ఆరనిచ్చి అప్పుడు పెట్టవలెను. పెట్టిన తరువాత మరి రెండు గంటలైనను తడి తగులరాదు గనుక గౌరీపూజకు కూర్చుండబెట్టుటకు ముందుగనే ఈ పని ముగియవలెను. ముహూర్తము తెల్లవాఱుజామున నున్నచో ఇంత యెడము దొరకదు. అట్టివారు ఈ గోళ్ళ జోలికి పోకుండుటయే మేలని మా యభిప్రాయము.

పెట్టు విధము కష్టమైనది కాదు. సొంతగోళ్ళను పొట్టిగ కత్తిరించి, గోటి మొదట నంటియున్న పలుచని చర్మపుపొరను గోరువెచ్చని నీట నానిన పిదప మెల్లగ వెనుకకు నెట్టవలెను, కోయరాదు. చేతులు బాగుగ ఆరిన తరువాత గోటి మెఱుగు మాత్రము పోవునట్లు సన్నని ఆకురాయితో రెండుమూడు మారులు తేలికగ రాచిన చాలును. కొందఱు గోరు పలుచబడువరకు రాతురు. అది గోటిని చేతులార చెఱచుకొనుట. పిమ్మట సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ఆ తరువాత గోటిని వ్రేలితో తాకరాదు. పది వ్రేళ్ళకును సరియగు గోళ్ళను ముందే ఏరి వరుసగ పేర్చుకొనవలెను. చర్మముమీదికి ఎక్కిన గోరు నిలువదు. పెద్దదైనచో ప్రక్కలు రాచి సరిపెట్టవలెను.

జిగురుపట్టీలు రెండుమూడు దినములు నిలుచును. సీసాజిగురుతో వారము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నిలుచును. ఈ జిగురు సైనోయాక్రిలేట్ జాతిది. 1942లో హారీ కూవర్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనగా 1958లో అంగళ్ళకు వచ్చినది. గాలిలోని కొద్దిపాటి చెమ్మతోనే గట్టిపడుట దీని గుణము. పలుచని పూత త్వరగ పట్టును, గనుక చుక్క చాలును. గోటి మొదటినుండి కొనవైపునకు వాల్చుచు గాలిబుడగ చిక్కకుండ అద్ది అరనిమిషము నొక్కి పట్టవలెను. ఒక్క హెచ్చరిక: ఒలికినప్పుడు నూలుచీర చెంగుతో తుడువరాదు. నూలుబట్ట తగిలినచో ఈ జిగురు చుఱ్ఱున వేడెక్కి చర్మమును కాల్చును.

పెండ్లి ముగిసిన పిమ్మట అంట్లు తోమువారు రబ్బరు చేతితొడుగులు వేసికొనవలెను. ప్లాస్టిక్ నిప్పు నంటుకొనునది గనుక దీపారాధనయందును పొయ్యివద్దను జాగ్రత్త వలయును. పిండి పిసుకుటకు, పసిబిడ్డకు అన్నము తినిపించుటకు ఈ గోళ్ళతో పూనుకొనకుండుట మంచిది. ఎంత కడిగినను క్రింద మురికి నిలుచును.

ఇక ముఖ్యమైనది. అంచు లేచిన గోటిని మరల జిగురు పోసి అదుముట పలువురు చేయు పని. ఆ సందున దిగిన నీరు లోపలనే బంధింపబడును. అందు సూక్ష్మజీవులు పెరిగి గోరు పచ్చబాఱుట కలదు. లేచినదానిని పూర్తిగ తీసి, కడిగి, ఆరిన పిదపనే మరల పెట్టవలెను. గోటిచుట్టు ఎఱ్ఱబాఱినను, దురద పుట్టినను, కనుఱెప్పలు వాచినను జిగురు పడలేదని తెలిసికొని వెంటనే తీసివేసి వైద్యునికి చూపవలెను.

తీయునప్పుడు పీకరాదు. పీకినచో సొంతగోటి పైపొర కూడ లేచివచ్చును. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. చెడిన గోరు తొలగి క్రొత్తది పూర్తిగ వచ్చుటకు 6 నెలలు పట్టును. సబ్బు కలిపిన గోరువెచ్చని నీట పావుగంట నానబెట్టి, అంచున కొబ్బరినూనె చుక్క వేసి, మెల్లగ అటునిటు కదల్చినచో పట్టీలు వీడును. జిగురుకు ఎసిటోన్ వాడుదురు. దానిని పొయ్యికి దూరముగ, కిటికీ తెఱచి వాడవలెను. ఎసిటోన్ తగిలిన ప్లాస్టిక్ కరగును. నీట నాని వీడినవి మాత్రము వెనుక రాచి, వ్రేళ్ళ వరుసను పేర్చి దాచినచో మఱియొక శుభకార్యమునకు అక్కఱకు వచ్చును. అయితే అక్కవి చెల్లెలికి పెట్టరాదు.