వచ్చుడెప్పుడో ముందు చెప్పు

నోయిడా సెక్టార్ 18లోని ఒక పెద్ద మాల్‌లో మంచు దొరుకుతుంది. టికెట్టు కొంటే కోటు, బూట్లు ఇచ్చి ఫ్రీజర్ లాంటి హాల్లోకి పంపుతారు. మా అమ్మాయి అందులో గంటసేపు గడిపి బయటికొచ్చి, "ఇది ఫ్రిజ్‌లో మంచు. నిజం మంచు ఎక్కడుంది?" అని అడిగింది. 2004లో హైదరాబాద్ ఇందిరా పార్క్ దగ్గర స్నో వరల్డ్ తెరిచినప్పుడు, గేటు దాకా వెళ్లి టికెట్టు ధర చూసి వెనక్కి తిరిగిన ఇంటర్ విద్యార్థిని నేను. ఆ ప్రశ్నకు జవాబు బాకీ పడ్డట్టే అనిపించింది. టీవీలో స్కీయింగ్ చూసి, జారితే అలా జారాలని అప్పటికే ఆమె నిర్ణయించుకుంది కూడా.

తెలుగులో మంచు అంటే ఏదైనా కావొచ్చు. గడ్డి మీద నిలిచే చుక్క, రోడ్డును మూసే పొగ, కొండ మీద కురిసే తెల్లని పొడి అన్నీ మంచే. తెల్లవారుజామున లంబసింగికి కార్లు కట్టుకుని పోయేవాళ్లు చూసేదీ మంచే. ఢిల్లీ నుంచి ఉత్తరానికి బయల్దేరితే మాత్రం ఒక్క మాట సరిపోదు. పానిపట్ దగ్గర పొద్దున్నే ముందున్న లారీని మింగేసేది కోహ్రా. కొండెక్కాక దేవదారుల నీడలో రోడ్డుకు గాజుపూతలా అంటుకునేది పాలా. మనం డబ్బు పోసి చూడబోయేది బరఫ్. మొదటి రెండింటినీ దాటితేనే మూడోది.

పటం ముందు పెట్టుకుని కూర్చుంటే నాలుగు పేర్లు తేలాయి. దేశంలో స్కీయింగ్‌కు అసలైన చిరునామా గుల్మార్గ్. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఆ వాలుల మీద పెరిగినవాడే. కానీ ఢిల్లీ నుంచి 850 కిలోమీటర్లకు పైనే. నాలుగు రోజుల సెలవులో నాలుగూ రోడ్డుకే పోతాయి. కొట్టేశాం.

మనాలీ పక్కన సోలాంగ్ రెండోది. ఎన్‌సీఆర్ కార్లన్నీ అక్కడికే పోతాయి, చిక్కు కూడా అదే. 2020 అక్టోబర్‌లో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక అవతలి లాహౌల్ మంచు కూడా వారాంతపు సరుకైపోయింది. 2024 క్రిస్మస్‌కు ముందు మంచు కురిసిన రోజు సోలాంగ్‌కూ సొరంగానికీ మధ్య దాదాపు వెయ్యి వాహనాలు ఇరుక్కుపోయాయి. మంచు పడగానే పోలీసులు కిందే ఆపేసి ఫోర్ బై ఫోర్ బళ్లనే పైకి వదులుతారు. అంటే 540 కిలోమీటర్లు సొంత కారులో వెళ్లి, చివరి పదీ పదిహేను కిలోమీటర్లకు అద్దె జీపు మాట్లాడుకోవాలి. ఈ ఖర్చు చాలామంది లెక్కలో ఉండదు.

మూడోది ఔలీ. వాలు బాగుంటుంది, గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏళ్లుగా అక్కడ వారం, రెండు వారాల శిక్షణ నడిపింది, నందాదేవి ఎదురుగా కనబడుతుంది. కానీ ఔలీకి పోవాలంటే జోషిమఠ్ దాటాలి. 2023 జనవరిలో వార్త కోసం నేను అక్కడున్నాను. ఎనిమిది వందలకు పైగా కట్టడాల్లో పగుళ్లు వచ్చాయి. ఖాళీ చేయాల్సిన ఇళ్ల గోడలకు ఎర్ర రంగుతో అడ్డగీతలు కొట్టారు. జోషిమఠ్ నుంచి ఔలీకి వెళ్లే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఆ నెలలోనే ఆగిపోయింది. ఊరు పాత కొండచరియల శిథిలాల మీద కూర్చుందని, భారీ నిర్మాణాలు వద్దని మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. తర్వాత కట్టిన హోటళ్లు ఎన్నో లెక్కలేదు, వాటిలో దిగినవాళ్లలో మనమూ ఉన్నాం. మనం పోకపోతే అక్కడివాళ్లకు కూడు లేదు, పోతే కొండకు బరువు. రాజనీతిశాస్త్రం చదివినవాణ్ని కాబట్టి దీని మీద ఎంతసేపైనా మాట్లాడగలను, కానీ బుకింగ్ దగ్గర చేయి ఆగింది. రోప్‌వే మళ్లీ నడుస్తోందా అని అడగడానికి తెలిసిన ఒక చిన్న హోటలాయనకు ఫోన్ చేయబోయాను. ఆయన ఇంటి గోడ గుర్తొచ్చి పెట్టేశాను.

మిగిలింది నార్కండ. సిమ్లా దాటి 65 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి సుమారు 410. ఎత్తు 2,700 మీటర్లు. వాలు పెద్దదేం కాదు, నేర్చుకునేవాళ్లకు చాలు. 2,700 మీటర్లంటే యూరప్‌లో గొప్ప స్కీ కొండ. ఆల్ప్స్‌లోని షమొని ఊరు వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తులోనే ఉంది, అయినా మంచు పడుతుంది. అది 46వ అక్షాంశం దగ్గర ఉంది, మన సిమ్లా 31 దగ్గర. భూమధ్యరేఖకు అంత దగ్గరున్న పాపానికి మనం మంచు కోసం అంత పైకెక్కాలి. ఒక డిగ్రీ వేడి పెరిగినా ముందు దెబ్బతినేవి ఇలాంటి అంచు ఊళ్లే.

లెక్క వేశాం. నలుగురం, మూడు రాత్రులు. పెట్రోలు 5,500 (మాది సీఎన్‌జీ బండి. కొండ మీద సీఎన్‌జీ నమ్ముకోలేం, డిక్కీలో సగం సిలిండరే). టోల్ 1,000. ఇప్పుడైతే 2025 ఆగస్టులో 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు ఉంది కాబట్టి ఏడాదికి నాలుగైదు ప్రయాణాలు చేసేవాళ్లకు ఇది తగ్గుతుంది. నాలుగు మంచాల గది రాత్రికి 2,500 చొప్పున 7,500. తిండి 6,000. చలిబట్టల అద్దె 1,000. ముగ్గురికి స్కీయింగ్ 3,000. మొత్తం 24,000. అనుకున్నది పాతిక వేలు. గర్వంగా కాగితం నాయిన ముందు పెట్టాను.

నాయిన అచ్చంపేట డిపోలో డ్రైవరు. ఏపీఎస్‌ఆర్టీసీలో చేరి టీఎస్‌ఆర్టీసీలో రిటైరయ్యారు. దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్‌కు దిగే మలుపుల్లో ఆయన ఎన్ని వేలసార్లు బస్సు తిప్పారో ఆయనకే తెలియదు. చలికాలం మా దగ్గర గడపడానికి వచ్చారు. కాగితం చూసి ఒకటే అడిగారు: "పోవుడు సంగతి తర్వాత. వచ్చుడెప్పుడో ముందు చెప్పు."

ఆదివారం రాత్రి, అన్నాను. సోమవారం ఆఫీసు.

"మంచు పడి తోవ బందయితే?"

దానికి నా కాగితంలో జవాబు లేదు. ఒక రోజు అదనంగా పెట్టుకోవాలంటే గది, తిండి కలిపి 4,000. ఆ రోజు ఏమీ చూడం, ఏమీ చేయం. డబ్బు చాలక చేసే ప్రయాణంలో ఖాళీ రోజుకు నాలుగు వేలు పెట్టడం నాకు మింగుడు పడలేదు. మా ఆవిడే తేల్చింది. స్కీయింగ్ అమ్మాయికొక్కదానికే, మనం చూస్తే చాలు. రెండు వేలు మిగిలాయి. పులిహోర, చపాతీలు, సకినాలు, చిన్న కుక్కరు ఇంటి నుంచే. ఇంకో రెండు వేలు. ఆఫీసులో మాత్రం ఆ రోజు సెలవు మా ఎడిటర్‌కు వివరించడానికి నాలుగు వేల కంటే ఎక్కువే ఖర్చయింది.

తేదీ ఇంకో గొడవ. ఢిల్లీ బడులకు చలికాలం సెలవులు మామూలుగా జనవరి మొదటి పక్షంలో వస్తాయి. మంచు ఆ క్యాలెండర్ చదవడం లేదు. హిమాలయాల శీతాకాలపు మంచును మోసుకొచ్చేది మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు. అవి ఎప్పుడొస్తాయో వారం ముందు గానీ గట్టిగా చెప్పలేరు. 2024 జనవరి హిమాచల్‌లో దాదాపు పొడిగానే గడిచింది. గుల్మార్గ్ వాలుల్లో ఎండుగడ్డి కనబడింది. అక్కడి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు ఫిబ్రవరి 21కి జరిగాయి. మరుసటి ఏడు మంచు చాలక మళ్లీ వాయిదా వేసి మార్చిలో పెట్టారు. జాతీయ క్రీడలకే తారీఖు నిలవనప్పుడు నాలుగో తరగతి పిల్లకు ఏం నిలుస్తుంది? సంక్రాంతి సెలవుల్లో పోవాలనుకున్నది ఫిబ్రవరికి జరిగింది. రెండు రోజులు బడి ఎగ్గొట్టించాం. వారాంతం కాకుండా గురువారం బయల్దేరడం వల్ల గది మాత్రం తేలిగ్గా దొరికింది.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. అంబాలా దాకా కోహ్రా. నాయిన పక్క సీట్లో కూర్చుని, ముందున్న బండి ఎర్రదీపం పట్టుకుని పోవద్దు, అది కాలవలోకి పోతే నువ్వూ పోతావని ఒకసారి చెప్పారు. తర్వాత మాట్లాడలేదు. సాయంత్రానికి సిమ్లా దాటి ఠియోగ్ చేరాం. నార్కండ ఇంకో 33 కిలోమీటర్లు. సన్నగా మంచు మొదలైంది. మా అమ్మాయి అద్దం దించి చేయి బయటపెట్టి అరుస్తోంది. గంటన్నరలో పోతాం, పోదాం అన్నాను. నార్కండలో గదికి అడ్వాన్సు కూడా కట్టాను మరి.

"బండి పక్కకు పెట్టు," అన్నారు నాయిన.

ముప్పయ్యేళ్లు దాటినవాడు తండ్రి చేత కూతురి ముందు ఆ మాట అనిపించుకుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వాదించాను. ఆయన దిగి, చక్రం వెనక రాయి పెట్టారు. హ్యాండ్ బ్రేకు లాగొద్దు, చలికి పట్టుకుపోతుంది, గేరులో వదిలెయ్ అన్నారు. కొండ మీద చలిలో బండి నిలపడం గురించి నేను తర్వాత ఎన్నిచోట్ల చదివినా ఇదే ఉంది. ఆయన దాన్ని ఎక్కడా చదవలేదు.

ఠియోగ్ గదిలో వెచ్చగా ఉంటుందని బొగ్గుల అంగీఠీ తెచ్చి పెట్టబోయారు. అది మాత్రం నేను వద్దన్నాను. మూసిన గదిలో అంగీఠీ పెట్టుకుని పడుకుని లేవనివాళ్ల వార్త ఢిల్లీలో ప్రతి చలికాలం రాస్తూనే ఉంటాం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మరీలో మంచు చూడ్డానికి కార్లలో వెళ్లి చిక్కుకుపోయి ఇరవై మందికి పైగా చనిపోయారు. కొందరి ప్రాణం తీసింది చలి కాదు, ఈ వాయువే. కదలని కారులో హీటరు కోసం ఇంజిను నడుపుతుంటే, వెనక పొగగొట్టాన్ని మంచు మూసేస్తే, ఆ వాయువు లోపలికే వస్తుంది. కారులో ఇరుక్కుంటే పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలి, అద్దం కాస్త దించాలి, ఇంజిను ఆపి ఆపి నడపాలి.

మర్నాడు ఎండ కాసింది. ఇక పోదాం అన్నాను. నాయిన ఠియోగ్ బస్టాండులో నిలబడి ఉన్నారు. భాష రాకపోయినా హిమాచల్ ఆర్టీసీ డ్రైవర్లతో ఆయనకు అప్పటికే స్నేహం కుదిరింది. రాంపూర్ వైపు నుంచి బస్సు దిగితేనే మనం ఎక్కాలన్నది ఆయన లెక్క. పగటి ఎండకు కరిగిన మంచు రాత్రికి గడ్డకట్టి పాలాగా మారుతుంది, కొండ నీడ పడే మలుపుల్లో పొద్దెక్కేదాకా కరగదు. పైనుంచి బస్సు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మళ్లీ చీకటిపడే వేళ ఎక్కడం వద్దన్నారు. ఆ రోజంతా అక్కడే. నాలుగు వేలు అలా ఖర్చయ్యాయి. పిల్ల మేడ మీద మంచుతో వంకర వినాయకుణ్ని చేసింది.

మూడో రోజు పొద్దున పది దాటాక బయల్దేరి పన్నెండింటికి నార్కండలో ఉన్నాం. దారిలో మతియానా తర్వాత ఒక ఎన్‌సీఆర్ కారు కొండవైపు కాలవలోకి ఒరిగి ఉంది, ముందు రోజుదట. మనుషులకేం కాలేదు. నాయిన దాన్ని చూశారు, నన్ను చూడలేదు.

స్కీయింగ్ గురించి ఒక మాట. రోడ్డు పక్కన గమ్‌బూట్లకే పలకలు తాడుతో కట్టి, వంద అడుగులు చేయి పట్టుకు లాగి, ఫొటో తీసి డబ్బు తీసుకునేవాళ్లు ఉంటారు. మా దగ్గరికీ ఒకతను వచ్చాడు. అది చీలమండ విరగ్గొట్టుకునే మార్గం. సరైన బూటు గట్టిగా ఉండి పలకకు బిగుస్తుంది, పడ్డప్పుడు దానంతటదే ఊడుతుంది. అలా ఊడుతుందో లేదో ముందే చూపించమని అడగాలి. చూపించినతన్నే మాట్లాడుకున్నాం. రెండు గంటలు నేర్పాడు. మొదటి అరగంటంతా పక్కకు ఎలా పడాలి, పడి ఎలా లేవాలి. తర్వాత రెండు పలకల ముందు కొనలు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం. ఆగడం వచ్చేదాకా జారనివ్వలేదు. నాయినకు ఆ పద్ధతి బాగా నచ్చింది.

మా అమ్మాయి పదకొండుసార్లు పడింది. పన్నెండోసారి ఇరవై అడుగులు జారి, తనంతట తానే ఆగింది. నాయిన మఫ్లరు సర్దుకుని చప్పట్లు కొట్టారు.

అనుకున్న రోజుకు, అంటే సోమవారం రాత్రికి ఇల్లు చేరాం. మొత్తం 24,600. మర్నాడు బట్టలు సర్దుతుంటే కారు డ్యాష్‌బోర్డులో నాయిన చేతిరాత కాగితం దొరికింది. లాగ్ షీటు. బయల్దేరింది 4:10. ఆపిన చోట్లు, పోసిన పెట్రోలు, మీటరు రీడింగు. కింద గీత కొట్టి రాశారు: ఆలస్యం ఒక రోజు. కారణం మంచు. బండికి దెబ్బ ఏమీ లేదు.