రెండు తలల పిట్టా... ఒంటి తల పిట్టా!

గండభేరుండాన్ని నేను చూడలేదు. చూసినవారెవరూ లేరు కూడా! అయినా మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు అవ్వల కథలు విన్నవాళ్ళకి దాని జాతకమంతా తెలుసు. ఒకే ఒళ్ళు, రెండు తలలు, ఏనుగునైనా ఎత్తుకుపోయే గోళ్ళు. తన పిల్లల్ని పాము బారినుంచి కాపాడినందుకు బాలవర్ధిరాజును సముద్రం దాటించిన విశ్వాసం! ఆ కథే 1942లో జెమినీవారి 'బాలనాగమ్మ' అయ్యింది. 1959లో మళ్ళీ తెరకెక్కింది. సినిమాకి నాలుగువందల యేళ్ళ ముందే విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయలు బంగారు నాణెం మీద దాన్ని ముద్రించాడు.

లేని పిట్టకి ఇంత మర్యాద సరే, ఉన్న పిట్ట సంగతో? కలివికోడి మన కడప జిల్లాదే. 1900 తర్వాత జాడలేక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో సిద్ధవటం వైపు అడవిలో మళ్ళీ దొరికింది. రాత్రిళ్ళు తిరుగుతుంది, ఎగరడం కన్నా పరుగే ఎక్కువ. దానికి ఏనుగులక్కర్లేదు, ముళ్ళపొదలూ మధ్యన కాస్త ఖాళీ నేలా చాలు. అవీ కొట్టేస్తే అది కూడా అవ్వల కథల్లోకి పోతుంది.

రెండు తలల పిట్టకి చావు లేదు నాయనా! ఒంటి తల దాన్నే మనం కాచుకోవాలి.