రథసప్తమికి విత్తనం ఆషాఢంలోనే

మాఘ శుద్ధ సప్తమినాడు చిక్కుడుకాయలను ఈనెపుల్లలతో కూర్చి సూర్యభగవానునికి రథం కల్పించడం, పిడకల మంటపై పొంగించిన పరమాన్నాన్ని చిక్కుడాకులలో నివేదించడం తెలుగువారి ఆచారం. ఈనాడు పలు గృహాలలో ఆ కాయలూ ఆకులూ అంగడినుండే వస్తున్నాయి. క్రయద్రవ్యంతో చేసిన పూజ దోషయుక్తమని అనను. అయినా పెరడు గాని, ఎండ తగిలే చోట ఒక పెద్ద కుండీ గాని ఉన్న ఆస్తికులు ఆ తీగను విత్తనంనుండి స్వయంగా పెంచడమే ఉత్తమమని నా అభిప్రాయం.

సంస్కృతంలో నిష్పావమనబడే ఈ లత సూర్యగతికి విధేయ. పగళ్లు దీర్ఘంగా ఉన్నంతకాలం నాటురకపు పందిరిచిక్కుడు ఆకులనూ తీగలనూ సాగిస్తుంది. దక్షిణాయనంలో పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే పూస్తుంది. రాత్రంతా విద్యుద్దీపకాంతి పడేచోట పూత ఆలస్యమవుతుంది. ఏ కాలంలోనైనా కాసే పొట్టిరకాలు ఇప్పుడు లభిస్తున్నా, ఈ వ్రతానికి నాటువిత్తనమే తగినది.

ఆషాఢ శ్రావణాలలో విత్తనాలను ఒక రాత్రి నానబెట్టి, అంగుళం లోతున రెండు మూడు నాటండి. నీరు నిలువరాదు. సుమారు వారంలో మొలకెత్తుతాయి. తీగ సాగగానే పందిరి ఆశ్రయం కల్పించండి. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు వాయువులోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి గనుక పశువుల ఎరువు చాలును. యూరియా అధికమైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. పేనుబంక పట్టినచో వేపనూనె ద్రావణం చల్లండి. నివేదన జరిగే ఆకు, ప్రసాదంగా పసివారి చేతికి వచ్చే ఆకు గనుక విషరసాయనాలు కూడవు. అంగడిలోని ఆకుపై ఏమి చల్లారో మనకు తెలియదు.

“భావం ప్రధానం గాని ద్రవ్యం కాదు గదా!” అని కొందరి ప్రశ్న. సత్యమే. అయితే భావం పర్వదినాన ఒక్క ఘడియలో పుట్టేది కాదు. ఆరునెలలు నిత్యం నీరు పోసి, పూతకై తొందరపడక నిరీక్షించినవానికి కర్తవ్యం తనదనీ, ఫలకాలం ఈశ్వరాధీనమనీ అనుభవంలో తెలుస్తుంది. ఒకవేళ కాయలు స్వల్పంగా కాసినా, తీగనిచ్చిన ఏడు ఆకులతో నివేదన జరుగుతుంది.

రథానికి కోయగా కొన్ని కాయలను తీగపైనే ఎండనివ్వండి. ఆ విత్తనాలను భద్రపరచి, వచ్చే ఆషాఢానికి మీ ఇంటి పిల్లలచేతనే నాటించండి.