అప్పుకు పరిమితి పెట్టారు, ఫీజుకు పెట్టలేదు

అమెరికాలో వైద్యం చదివేవారికి 2006 నుంచి ఒక ధీమా ఉండేది. ఫీజు, అద్దె, పుస్తకాలు కలిపి కాలేజీ ఎంత ఖర్చు లెక్కగట్టినా, మిగతా సాయాలు పోను తక్కువ పడే సొమ్మును గ్రాడ్ ప్లస్ రుణంగా ఫెడరల్ ప్రభుత్వమే ఇచ్చేది. 2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టం ఆ దారి మూసేసింది. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ లేదు. మెడిసిన్, డెంటిస్ట్రీ వంటి వృత్తి కోర్సులకు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షలు మించకూడదు. మిగతా పీజీ కోర్సులకు ఏడాదికి 20,500, మొత్తం లక్ష.

అడిగినంతా ప్రభుత్వం ఇస్తూ పోతే కాలేజీలు ఫీజులు పెంచుకుంటూ పోతాయన్న వాదనలో కొంత న్యాయం ఉంది. కానీ చట్టం బిగించింది విద్యార్థి అప్పునే, కాలేజీ ఫీజును కాదు. చాలా ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ఒక్క ట్యూషన్ ఫీజే ఏటా 60 వేల డాలర్లు దాటుతోంది. తక్కువ పడిన సొమ్ము కోసం విద్యార్థి ప్రైవేటు బ్యాంకు గడప తొక్కాలి. అక్కడ క్రెడిట్ స్కోరు చూస్తారు, హామీ సంతకం అడుగుతారు. ఆ అగచాట్లు అమెరికాలోని తెలుగు ఇళ్లకు కొత్త కాదు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలు అక్కడే పెరిగినా, హెచ్-4 వీసా మీద ఉన్నంతకాలం ఫెడరల్ రుణానికి అర్హులు కారు.

నర్సింగ్‌కు జరిగింది మరీ అన్యాయం. 2025 నవంబరులో విద్యాశాఖ కమిటీ ఒప్పుకున్న వృత్తి కోర్సుల నిర్వచనంలో కైరోప్రాక్టిక్, మతశాస్త్రం ఉన్నాయి. నర్సింగ్, ఫిజికల్ థెరపీ లేవు. డాక్టర్లు దొరకని పల్లెల్లో రోగిని ముందుగా చూసేది చాలాచోట్ల నర్స్ ప్రాక్టీషనరే. ఆ చదువుకే తక్కువ అప్పు ఇస్తామనడం ఏం లెక్క?

మేలైన పద్ధతి అమెరికా చేతిలోనే ఉంది. 1970 చట్టంతో నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ వచ్చింది. దాని స్కాలర్‌షిప్పు ఫీజు కట్టి, నెలనెలా భృతి ఇస్తుంది. బదులుగా వైద్యులు కరువైన ప్రాంతంలో కనీసం రెండేళ్లు పనిచేయాలి. నర్స్ కోర్ పథకంలో రెండేళ్ల సేవకు అర్హమైన అప్పులో 60 శాతం ప్రభుత్వమే తీరుస్తుంది. నిరుపేద రోగికి వైద్యం, విద్యార్థికి ఊరట రెండూ ఒకే ఖర్చుతో వస్తాయి.

డెంటిస్ట్రీ, ఫార్మసీ, ఆప్టోమెట్రీ విద్యార్థులకు ఆరోగ్యశాఖ కొన్ని కాలేజీల ద్వారా ఇచ్చే మరో రుణం ఉంది. దానికి వడ్డీ 5 శాతం. చదివినన్నాళ్లూ వడ్డీ పడదు. అదే 20 వేల డాలర్లు 2025–26 నాటి మామూలు పీజీ ఫెడరల్ రుణంగా తీసుకుంటే వడ్డీ 7.94 శాతం. నాలుగేళ్ల చదువు ముగిసేసరికి 6,350 డాలర్ల వడ్డీ పోగుపడి ఉంటుంది. ఇంత తేడా ఉన్నా, ఈ రుణానికి నిధులు కొద్ది. అడిగితే తప్ప దీని సంగతి చాలామందికి తెలియదు.

పరిమితి ఉంచాలనుకుంటే అమెరికా కాంగ్రెస్ మూడు పనులు చేయాలి: నర్సింగ్‌ను వృత్తి కోర్సుల్లో చేర్చాలి, సర్వీస్ కోర్ సీట్లు పెంచాలి, 5 శాతం రుణ నిధిని విస్తరించాలి. కాలేజీలు కూడా ప్రవేశపత్రంతోపాటే ఈ పథకాల వివరాలు విద్యార్థి చేతికివ్వాలి.